29 అంగుళాల పాత టీవీ మీద ముస్తఫా: ఒక కేస్ స్టడీ

పెద్ద సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు తెర) ఒకటి సంపాదిస్తే చాలు, పాత ఆర్కేడ్ బోర్డు, అంటే వీడియో గేమ్ షాపుల్లో ఆట నడిపే సర్క్యూట్ బోర్డు, తగిలించి ఆడుకోవచ్చు అనుకుని వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నెల్లూరు జిల్లాలో టీవీలు బాగుచేయడం నా పని. ఇప్పుడు బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా ఎల్‌ఈడీ ప్యానెళ్లే. పిక్చర్ ట్యూబు పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు కాబట్టి ఇలాంటివి అటూ ఇటూ తిరిగి చివరికి నా దగ్గరికి చేరుతుంటాయి. అలా వచ్చిన ఒక కేసు ఇది. తెర సైజు, ఖరీదు, బ్రాండు చూడకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బోర్డు అడ్డ స్కాను, అంటే సెకనుకి గీసే అడ్డగీతల లెక్క, ఎంత అని. దాన్ని వదిలేస్తే ఎంత డబ్బు, ఎంత ఓపిక వృథా అవుతాయో ఇందులో బాగా తెలిసింది. మనిషినీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కుర్రాడికి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. హైవే పక్కన కూల్‌డ్రింకుల షాపు పెట్టుకున్నాడు. తొంభైల్లో వాళ్ల నాన్న సముద్రం వైపు ఒక ఊళ్లో వీడియో గేమ్ షాపు నడిపాడు. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట, బడి ఎగ్గొట్టిన పిల్లలు, గల్లా దగ్గర కేకలు, అన్నీ ఉన్న షాపు. షాపు మూసేశాక చెక్క క్యాబినెట్లు చెదలు తిన్నాయి, మానిటర్లు పాత సామాన్లవాడికి పోయాయి. న్యూస్‌పేపర్‌లో చుట్టి అటక మీద పెట్టిన ఒక బోర్డు మిగిలింది. మన వైపు అందరూ ‘ముస్తఫా’ అనే ఆట అది. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. నలుగురు హీరోల్లో ఒకడి పేరు ముస్తఫా కైరో, అందరూ వాణ్నే ఎంచుకునేవాళ్లు, అందుకని ఆటకే ఆ పేరు పడిపోయింది.

ఆ బోర్డుని షాపులో ఒక మూల పెట్టి, వచ్చేపోయేవాళ్లు ఆడుకునేలా చేయాలన్నది అతని కోరిక. ఎల్‌సీడీ వద్దు, పాత పిక్చర్ ట్యూబే కావాలి, అదీ పెద్దది కావాలి. అందుకోసం నా దగ్గరికి రాకముందే రెండు సరుకులు సంపాదించాడు. ఒకటి మూతపడిన డీటీపీ సెంటర్‌లో కొన్న 21 అంగుళాల కంప్యూటర్ మానిటర్, ట్రినిట్రాన్ (సోనీ రకం) ట్యూబు. రెండోది బంధువుల ఇంట్లో వాడకుండా పడి ఉన్న 29 అంగుళాల టీవీ, ముందు భాగం గుండ్రంగా ఉండే పాత మోడల్, వెనక ఆడియో వీడియో సాకెట్లు తప్ప ఏమీ లేవు.

వచ్చిన సమస్య

మానిటర్‌కి తగిలిస్తే నల్ల తెర. టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తోంది కానీ ఎరుపు రంగు పక్కకి కారిపోతోంది, అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నాయి, ఉండుండి మొత్తం ఆగి మళ్లీ మొదటికొస్తోంది. టీవీ కోసం ఎవరో ఒక ఎన్‌కోడర్ బోర్డు కట్టి ఇచ్చారు. అది బోర్డు ఇచ్చే ఆర్‌జీబీ (ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా వచ్చే) సిగ్నల్‌ని ఒకే పసుపు వైరులోకి కలిపి పంపుతుంది.

‘అన్నా, బోర్డు పోయిందా, మానిటర్ పోయిందా? అదొక్కటి చెప్పు’ అన్నాడు. రెండూ పోలేదని తేలడానికి కొంత టైము పట్టింది.

ముందు బోర్డు సంగతి

తెర గురించి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా బోర్డు నుంచి సరైన సిగ్నల్ వస్తోందని రూఢి చేసుకోవాలి. లేకపోతే ఒక లోపాన్ని ఇంకో లోపం కప్పేస్తుంది, మనం గుడ్డిగా తిరుగుతాం. ఈ బోర్డుకి జామా కనెక్టర్ ఉంది. 1985లో జపాన్ కంపెనీలు కలిసి తెచ్చిన పద్ధతి అది, మొత్తం 56 పిన్నులు, ఒక్కో వైపు 28. కరెంటు, తెర, స్పీకర్, బటన్లు అన్నీ ఆ ఒక్క అంచు మీదే.

ఆగి మళ్లీ మొదలవుతోంది అంటే మొదట అనుమానించేది 5 వోల్టుల లైను. సప్లై దగ్గర మీటరు పెడితే 5 చూపిస్తోంది. బోర్డు మీద ఐసీ కాళ్ల దగ్గర పెడితే 4.7. మధ్యలో తేడా తినేస్తున్నది వైరు: ఎవరో బటన్లకి వాడే సన్న వైరుతోనే కరెంటు లైను కూడా కట్టారు. లావు వైర్లు వేసి, గ్రౌండ్‌కి కూడా ఉన్న పిన్నులన్నీ వాడి, బోర్డు దగ్గర 5.05 వచ్చేలా సెట్ చేశాను. మొదటికొచ్చే జబ్బు అక్కడితో పోయింది. సప్లై దగ్గర వోల్టేజీ పెంచేస్తే కూడా పోయేదే. కానీ సన్న వైరు వేడెక్కుతూనే ఉండేది, ఎండాకాలం మధ్యాహ్నం షాపులో మళ్లీ ఇదే గొడవ.

ఇది అసలు క్యాప్‌కామ్ బోర్డు కాదు, మన దగ్గర ఎక్కువగా తిరిగిన కాపీ బోర్డు. ఒక రకంగా అదృష్టమే. క్యాప్‌కామ్ అసలు బోర్డుల్లో కొన్నిటికి బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే లోపలి కోడు తాళం చెవి చెరిగిపోయి ఆటే నడవదు. దీనికి ఆ బెడద లేదు.

తర్వాత స్కోపు (సిగ్నల్ ఆకారాన్ని గీసి చూపే పరికరం) పెట్టి సింక్, అంటే గీత, బొమ్మ ఎప్పుడు మొదలవ్వాలో తెరకి చెప్పే పల్సులు, చూశాను. అడ్డగీతలు సెకనుకి 15,625 దగ్గర, నిలువు, అంటే సెకనుకి గీసే బొమ్మల లెక్క, 60 హెర్ట్జ్‌కి కాస్త తక్కువ. ఈ ఆట నడిచే క్యాప్‌కామ్ సీపీఎస్-1 రకం బోర్డు లెక్కతో ఇది సరిపోతుంది: 8 మెగాహెర్ట్జ్ క్లాకుని 512తో భాగిస్తే 15,625, దాన్ని 262 గీతలతో భాగిస్తే 59.64. మన టీవీల (పాల్ అనే ప్రసార పద్ధతి) అడ్డ స్కాను కూడా సరిగ్గా 15,625 హెర్ట్జే. జపాన్ ఆర్కేడ్ బోర్డు, దూరదర్శన్ చూడటానికి కొన్న టీవీ, రెండిటి అడ్డ స్కాను ఒక్కటే. నిలువు మాత్రం టీవీకి 50, బోర్డుకి దాదాపు 60.

కంప్యూటర్ మానిటర్ ఎందుకు చూపలేదు

ఈ కేసులో నేను ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే, ఎందుకంటే కుర్రాడి మనసు దీని మీదే ఉంది. ట్రినిట్రాన్ ట్యూబు, అద్దంలాంటి బొమ్మ, తెర మీద రెండు సన్నటి అడ్డ నీడలు తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు (ఆ నీడలు లోపం కాదు, లోపలి తీగల గ్రిల్లుని అదరకుండా పట్టే వైర్లవి). కానీ ఆ మానిటర్ తీసుకునే అడ్డ స్కాను 30 కిలోహెర్ట్జ్ (సెకనుకి 30 వేల గీతలు) దగ్గర మొదలవుతుంది. బోర్డు ఇచ్చేది అందులో సగం.

‘సర్దుబాటు చేసి 15కి దించలేమా అన్నా?’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దించలేం. ట్యూబులో కిరణాన్ని అటూ ఇటూ తిప్పే యోక్ కాయిల్లో, గీత మొదలు నుంచి చివరిదాకా కరెంటు పెరుగుతూ పోతుంది. గీతకి పట్టే సమయం రెట్టింపు చేసి సప్లై అలాగే ఉంచితే కరెంటు కూడా దాదాపు రెట్టింపవుతుంది, ఆ కాయిల్‌ని నడిపే లైన్ ట్రాన్సిస్టర్ నిలవదు. సప్లై తగ్గిస్తే ఆ సర్క్యూట్ నుంచే పుట్టే హైవోల్టేజీ లెక్క మారిపోతుంది, కెపాసిటర్లూ మార్చాలి. అంటే కొత్త ఛాసిస్ (లోపలి సర్క్యూట్ మొత్తం) డిజైన్ చేయడమే. కొత్త మోడళ్లలో ప్రొటెక్షన్ ఉంటుంది, సిగ్నల్ నచ్చకపోతే నల్ల తెర వేసి ఊరుకుంటాయి. పాతవాటికి అది ఉండకపోవచ్చు. ‘చూద్దాం, ఇంకోసారి ఆన్ చేద్దాం’ అని పదేపదే ప్రయత్నించడం మానిటర్‌ని చంపే దారి.

విదేశాల్లో ఆర్కేడ్ పిచ్చోళ్లు వెతికే పెద్ద మానిటర్లు వేరే జాతి. సమావేశ మందిరాల్లో పెట్టడానికి చేసిన ఎన్‌ఈసీ ఎక్స్‌ఎం29 లాంటివి, టీవీ స్కానూ కంప్యూటర్ స్కానూ రెండూ తీసుకుంటాయి. అలాంటిది మన వైపు నా చేతికి ఎప్పుడూ రాలేదు, దాని కోసం కూర్చుంటే ఈ పని జరగదు.

మానిటర్‌ని వదలడానికి అతనికి మనసు ఒప్పలేదు కాబట్టి స్కాను మార్చే చిన్న బోర్డు, జీబీఎస్-8200, పెట్టి చూశాం. ధర తక్కువ, తగిలించడం తేలిక, బొమ్మ వచ్చింది. నిలబడి చూస్తే చాలా శుభ్రంగా ఉంది. నాకే ఇది సరిపోతుందేమో అనిపించింది.

వాళ్ల నాన్న వచ్చి ఆడాడు. కాసేపటికి బటన్ మీద నుంచి చేయి తీసేసి, ‘నాయనా, నేను నొక్కినాక దూకతా ఉండాడు, నొక్కినప్పుడు కాదు’ అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ఆ బోర్డు బొమ్మని ముందు మెమరీలో దాచుకుని, తర్వాత 31 కిలోహెర్ట్జ్‌లో తిరిగి గీస్తుంది. ఆ దాచుకోవడమే ఆలస్యం. ఇంకా రెండు చిక్కులున్నాయి. ఆట బోర్డు పంపేది సగం సగంగా విడదీయని 224 గీతల బొమ్మ. ఈ కన్వర్టర్ దాన్ని టీవీ ప్రసారంలో వచ్చే సగం సగం బొమ్మ అనుకుని జతచేయబోతుంది, అందుకని పరిగెత్తే మనిషి అంచులు చెదురుతాయి. పైగా లోపలికి వచ్చేది 59.64, బయటికి పోయేది 60. తేడా 0.36 అంటే సుమారు మూడు సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు చూపించాలి. రోడ్డు పక్కకి జరుగుతున్నప్పుడు ఆ చిన్న కుదుపు కనిపిస్తుంది, ఒకసారి కంటపడితే ఇక వదలదు. వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి దీన్ని మెరుగుపరిచేవాళ్లున్నారు, గీతల్ని రెట్టింపు చేసే ఖరీదైన కన్వర్టర్లూ ఉన్నాయి. కానీ అప్పటికి నాకు ఇంకో కారణం కూడా తోచింది: పగటి వెలుగు పడే షాపులో కంప్యూటర్ ట్యూబు వెలుగు చాలదు. దగ్గర కూర్చుని అక్షరాలు చదవడానికి చేసిన తెర అది. టీవీ ట్యూబు దూరం నుంచి చూడటానికి చేసింది, వెలుగు ఎక్కువ, గీతలు లావు, ఆట బొమ్మలు గీసినవాళ్లు కూడా ఆ లావు గీతల్ని చూస్తూ గీసినవే. మానిటర్ పక్కన పెట్టేశాం.

ఏ టీవీ, ఏ దారి

టీవీలోకి ఆర్‌జీబీ పంపడానికి మన దగ్గర ఉన్న దారులు మూడు. పసుపు వైరు దారి అప్పటికే చూశాం. ఎన్‌కోడర్ రంగుని, వెలుగుని ఒకే తీగలో కలిపేస్తుంది, టీవీ మళ్లీ విడదీయాలి, విడదీసేటప్పుడే రంగు కారుతుంది. ఎంత మంచి ఎన్‌కోడర్ పెట్టినా ఆ జబ్బు తగ్గుతుందే కానీ పోదు.

రెండోది టీవీ లోపలికి వెళ్లి ఆర్‌జీబీ ఎక్కించడం. వాల్యూమ్ గీత, ఛానెల్ నంబరు తెర మీద చూపించడానికి కంట్రోల్ ఐసీ నుంచి వీడియో ఐసీకి ఎరుపు, పచ్చ, నీలం తీగలు పోతాయి. అక్కడ మన సిగ్నల్ ఇచ్చి, బ్లాంకింగ్ పిన్నుకి వోల్టేజీ పెడితే టీవీ తన బొమ్మ ఆపి మనది చూపిస్తుంది. విదేశీ వీడియోల్లో అందరూ చేసేది ఇదే, కుర్రాడు కూడా ఇదే చూసి వచ్చాడు. గుండ్రటి 29 అంగుళాల టీవీ విప్పి సర్క్యూట్ చూశాను. అందులో ఆ మూడు తీగలూ ఉంది, లేదు అనే రెండు స్థితుల్లోనే పనిచేస్తున్నాయి. మూడు తీగలు, రెండేసి స్థితులు, కలిపి ఎనిమిది రంగులు. ముస్తఫా ఎనిమిది రంగుల్లో ఎలా ఉంటాడో ఊహించుకోండి. వీడియో ఐసీకి మధ్య స్థాయిలు తీసుకునే శక్తి ఉందో లేదో డేటాషీట్‌లో చూడకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం దండగ. ఈ టీవీని కూడా వద్దన్నాను.

అక్కడే ఇంకొకటి చెప్పాలి. ఆడియో వీడియో సాకెట్లు ఉన్న టీవీల్లో సప్లైకి రెండు వైపులుంటాయి, కరెంటు స్తంభం వైపు ఒకటి, బొమ్మ వైపు ఒకటి. రెండిటి గ్రౌండ్లు వేరు. సాకెట్ గ్రౌండ్‌కీ, కరెంటు వైపున్న బ్రిడ్జి డయోడ్ల మైనస్‌కీ మధ్య మీటరు పెట్టి అవి కలవలేదని చూసుకున్నాకే బోర్డు తగిలించాలి. చాలా పాత టీవీల్లో ఛాసిస్సే కరెంటు మీద ఉంటుంది. వాటికి బోర్డు కలిపితే కాయిన్ డోరు ముట్టుకున్నవాడికి షాకు. ట్యూబు సంగతి సరేసరి, 29 అంగుళాలకి యానోడ్ (ట్యూబుకి హైవోల్టేజీ ఎక్కే చోటు) దగ్గర 30 వేల వోల్టులకి దగ్గరగా ఉంటుంది, ఆపేశాక కూడా ట్యూబు దాచుకుంటుంది.

‘చైనా కిట్ వేసేయకూడదా?’ అన్నది అతని తర్వాతి మాట. పాత ట్యూబుకి తగిలించే రెడీమేడ్ సర్క్యూట్ అది. 21 అంగుళాల దాకా అయితే ఆలోచించేవాణ్ని. 29 అంగుళాల ట్యూబుకి బొమ్మ పక్కలు వంగకుండా ఈస్ట్-వెస్ట్ కరెక్షన్ కావాలి, ఆ కిట్లలో ఎక్కువవాటికి అది ఉండదు.

మూడో దారి కాంపొనెంట్. రెండు వేల అయిదు ప్రాంతంలో మన దగ్గర అమ్మిన ఫ్లాట్ 29 అంగుళాల టీవీల్లో చాలావాటికి డీవీడీ కోసం పచ్చ, నీలం, ఎరుపు సాకెట్లున్నాయి. ఆర్‌జీబీని ఆ మూడు సిగ్నళ్లుగా మార్చే చిన్న బోర్డులో మెమరీ ఏమీ ఉండదు. వెలుగు సిగ్నల్ అంటే 0.299 ఎరుపు, 0.587 పచ్చ, 0.114 నీలం కలిపిన మొత్తం, రంగు సిగ్నళ్లు తీసివేతలు. రెసిస్టర్లు, యాంప్లిఫయర్లు అప్పటికప్పుడు చేసే కూడికలు ఇవి, అందుకని ఆలస్యం లేదు. టీవీ విప్పాల్సిన పనీ లేదు. ఇలాంటి టీవీ ఒకటి వెతకమని చెప్పాను.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పి పంపాను: 100 హెర్ట్జ్ అని రాసి ఉన్నది తేవొద్దు. అవి బొమ్మని లోపల డిజిటల్‌గా దాచుకుని రెట్టింపు వేగంతో గీస్తాయి, మళ్లీ మొదటి గొడవే. స్టిక్కర్ పోయి ఉంటే? పదేళ్ల పిల్లవాణ్ని పక్కన నిలబెట్టి టీవీ ఆన్ చేయమన్నాను. మామూలు టీవీ 15.6 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా కీచుమంటుంది, పిల్లలకి వినిపిస్తుంది, నా వయసు వాళ్లకి వినిపించదు. 100 హెర్ట్జ్ టీవీ కూత 31 దగ్గర, ఎవరికీ వినిపించదు. మేనకోడల్ని వెంటబెట్టుకుని తిరిగాడట. మంచి టీవీ దొరికింది, ధర కంటే ఆటో కిరాయి ఎక్కువైంది.

పని చేసిన పద్ధతి

జామా బోర్డు ఇచ్చే ఆర్‌జీబీ ఆర్కేడ్ మానిటర్ కోసం చేసింది, స్థాయి ఎక్కువ. లోడు లేకుండా కొలిస్తే తెల్ల రంగు దగ్గర సుమారు 3 వోల్టులు. టీవీ వైపు సరుకు 75 ఓమ్స్ మీద 0.7 వోల్టే తీసుకుంటుంది. నేరుగా ఇస్తే రంగులు తెల్లబారి పేలిపోతాయి, కొన్నిసార్లు ఐసీ కూడా. లెక్క వేస్తే వరసలో 246 ఓమ్స్ కావాలి, అందులో కొంత బోర్డు సొంత అవుట్‌పుట్‌లోనే ఉంటుంది. అది ఎంతో బోర్డు బోర్డుకీ మారుతుంది. అందుకని స్థిరమైన రెసిస్టర్ బదులు ఒక్కో రంగుకి 500 ఓమ్స్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టి, స్కోపులో 0.7 చూసి తిప్పాను. సింక్‌కి 470 ఓమ్స్ వరసలో. స్పీకర్ పిన్నులు టీవీ ఆడియోకి ఇవ్వలేదు. బోర్డు మీదే యాంప్లిఫయర్ ఉంటుంది, ఆ మైనస్ పిన్ను గ్రౌండ్ అని నమ్మకూడదు. విడిగా 8 ఓమ్స్ స్పీకర్ కట్టాం.

బొమ్మ వచ్చింది, రంగులు గట్టిగా, అంచులు శుభ్రంగా. పైన కొన్ని గీతలు మాత్రం పక్కకి వంగాయి. కాపీ బోర్డుల్లో నిలువు సింక్ జరిగే సమయంలో అడ్డ సింక్ పల్సులు సరిగా ఉండవు, ఆ కాస్త సేపట్లో టీవీ ఫేజ్ లూప్ (సింక్‌తో అడుగు కలిపి నడిచే సర్క్యూట్) దారి తప్పుతుంది. బొమ్మ మొదలయ్యేలోగా మళ్లీ దారికి వస్తే వంపు కనిపించదు. సర్వీస్ మెనూలో (మెకానిక్‌ల కోసం దాచి ఉంచే సెట్టింగులు) లూప్‌ని సింక్ వేగంగా పట్టుకునే సెట్టింగ్‌కి, వీడియో క్యాసెట్ ప్లేయర్ల కోసం పెట్టే దానికి, మార్చాను. వంపు కనిపించకుండా పోయింది.

ఆ మెనూలో ఏది ముట్టుకునే ముందైనా ప్రతి విలువకీ ఫోనులో ఫోటో తీయించాను. 60 హెర్ట్జ్‌కి ఎత్తు, మధ్యస్థానం విడిగా ఉంటాయి, వాటినే మార్చాలి. 50వి కదిపితే కేబుల్ టీవీ బొమ్మ చెడుతుంది. వెడల్పు విషయంలో, ఒక గీతలో 64 మైక్రోసెకన్లుంటే ఆట వాడుకునేది 48, టీవీ ఎదురుచూసేది 52. అందుకని రెండు పక్కలా సన్నటి నల్ల పట్టీలు వచ్చాయి. ఈస్ట్-వెస్ట్ వెడల్పు కొంచెం పెంచితే దాదాపు పోయాయి. ఇంకా పెంచొచ్చు, కానీ అప్పుడు స్కోరు అంకెలు అంచుల్లో వంకరపోతున్నాయి. పట్టీ ఉండనిచ్చాను.

చివరగా టీవీ ఆరోగ్యం. సముద్రపు గాలికి యానోడ్ మూత చుట్టూ ఉప్పు పేరుకుంది, దాన్ని తుడిచి ఆరబెట్టాను. ఎల్‌ఓటీ (హైవోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్), లైన్ ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గర సోల్డర్ మళ్లీ పోశాను, సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. కొత్త ట్యూబు ఎక్కడా తయారు కావడం లేదు, ఎల్‌ఓటీ దొరకడం అదృష్టం మీద. గుండ్రటి టీవీని పాత సామాన్లకి ఇవ్వొద్దని, విడి భాగాలకి దాచమని చెప్పాను.

తర్వాత

వాళ్ల నాన్న మళ్లీ ఆడాడు. ఈసారి ఏమీ అనలేదు, మూడో లెవెల్ దాకా పోయి లేచాడు.

ఇలాంటి పని ఇంకెవరైనా తెస్తే నేను ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న బోర్డు అడ్డ స్కాను ఎంత అని. 15 కిలోహెర్ట్జ్ అయితే మామూలు టీవీ, అదీ కాంపొనెంట్ సాకెట్లున్నది, 31 అయితే కంప్యూటర్ మానిటర్. ఆ తర్వాతే అంగుళాలు. నిలువు స్కాను కూడా అడుగుతాను, ఎందుకంటే కొన్ని ఆటలు 55 హెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, టీవీకి దాన్ని 50 అనుకోవాలో 60 అనుకోవాలో తెలియక ఎత్తు మారిపోతుంది. ఆ రెండు అంకెలు తెలిసేదాకా టీవీ కొనొద్దని ఫోనులోనే చెప్పేస్తున్నాను.

ఈ షాపులో ఇప్పుడు మిగిలిన చిక్కు తెర మాడటం. రోజంతా ఆన్‌లో ఉంటే స్కోరు పట్టీ ఉన్నచోట ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) అరుగుతుంది, మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. కాంట్రాస్ట్ సగానికి పెట్టి వచ్చాను. పనికుర్రాళ్లు ఎండ వెలుగులో కనబడటం లేదని పెంచేస్తున్నారని విన్నాను. కాంట్రాస్ట్ తగ్గించమంటే ఎవరూ వినరు కాబట్టి టీవీ తెరని ఎండ పడని వైపు తిప్పి, పైన తాటాకు పందిరి వేయించమన్నాను. ఆడేవాళ్లు లేనప్పుడు టీవీ ప్లగ్గు తీసేయమని ఒక చీటీ అంటించారట.